కుంచానికి ఎన్ని సోలలు: ఒక మామ్మగారి మతిమరుపు కేసు

ఈ కేసులో నా తప్పు ఒకటుంది. దాని వల్ల ఆమె నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉండాల్సి వచ్చింది. దాన్ని పక్కనపెట్టి మిగతాది రాస్తే నా డప్పు నేను కొట్టుకున్నట్టవుతుంది. అందుకే అన్నీ వరసగా రాస్తున్నాను. రాయడానికి కుటుంబం ఒప్పుకుంది. మనిషిని గుర్తుపట్టే వివరాలు కొన్ని తీసేశాను, కొన్ని మార్చాను. ఆమెను ఇక్కడ మామ్మగారు అంటాను. క్లినిక్‌లోనూ అలాగే పిలిచేవాణ్ని.

నేను కోస్తాలో ఒక మోస్తరు పట్టణంలో ఫిజీషియన్ని. వారంలో రెండు మధ్యాహ్నాలు అరవై దాటినవాళ్లకే కేటాయించాను, ఒక్కొక్కరికి ముప్పావుగంట. మతిమరుపు అని వచ్చినవాళ్లతో అంతకన్నా తక్కువ సమయంలో తేల్చిన ప్రతిసారీ తర్వాత ఏదో ఒకటి దిద్దుకోవాల్సి వచ్చింది.

నేపథ్యం

మామ్మగారికి 73 ఏళ్లు. రెండో తరగతితో బడి మానేశారు. సంతకం చేస్తారు, చదవడం రాదు. ముప్పై అయిదేళ్లు పాడి మీద బతికారు. నాలుగు గేదెలు, రోజూ రెండు పూటలా నలభై ఇళ్లకు పాలు పోసేవారు. ఏ ఇంటికి ఏ పూట ఎంత పోసిందీ, ఎవరు ఎన్నాళ్లు ఊరెళ్లి పాలు వద్దన్నదీ, పాతబాకీలో ఎవరు ఎంత తీర్చిందీ, నెలాఖరున కాగితం ముక్క లేకుండా చెప్పేవారట. సుద్దతో గోడ మీద గీసిన గీతలు మాత్రం ఉండేవి. అవి కూడా గీతల లెక్క వేరెవరికీ తెలియకూడదని ఆమె తన పద్ధతిలో గీసేవారని కూతురు నవ్వుతూ చెప్పింది.

మూడేళ్ల కిందట భర్త పోయారు. అదే ఏడు గేదెల్ని అమ్మేశారు. అప్పట్నుంచి వంతులు మొదలయ్యాయి. నాలుగు నెలలు ఊళ్లో పెద్దకొడుకు దగ్గర, నాలుగు నెలలు హైదరాబాద్‌లో చిన్నకొడుకు దగ్గర, నాలుగు నెలలు మా పట్టణంలోనే ఉన్న కూతురి దగ్గర. మన ఇళ్లలో ఈ ఏర్పాటు ఎంత మామూలంటే, కేసు షీట్‌లో దాన్ని రాసుకోవాలని కూడా చాలామందికి తోచదు. నేను రాసుకుంటాను. ఏడాదికి మూడుసార్లు ఇల్లు, మంచం, బాత్రూమ్ దారి, వంటింటి అలమర, చుట్టూ మనుషులు మారిపోవడం ముప్పై ఏళ్ల వాళ్లకు కూడా కష్టమే.

పదకొండేళ్లుగా షుగర్, అంతకు ముందు నుంచే బీపీ. సిగరెట్, చుట్ట, మందు లేవు. తలకు దెబ్బ తగిలిన దాఖలా లేదు.

ఏం జరుగుతోందని వచ్చారు

ఏడాదిన్నరగా మార్పు ఉందన్నారు. కానీ పిల్లలు ముగ్గురూ మూడు కథలు చెప్పారు. పెద్దకోడలు ఫోన్‌లో చెప్పింది: పింఛను డబ్బు నాలుగు వేలు పోయాయని, నువ్వే తీశావని నలుగురిలో అంది, తర్వాత అవి బియ్యం డబ్బాలో దొరికాయి. చిన్నకొడుకు చెప్పింది: అపార్ట్‌మెంట్‌లో తమది నాలుగో అంతస్తయితే మూడో అంతస్తులో ఎవరి తలుపో కొట్టి, తెరవకపోతే మెట్ల మీద కూర్చుంది, రెండుసార్లు. కూతురు చెప్పింది వేరు: "అడిగిందే అడుగుతుంది సార్. స్టవ్ మీద పాలు పెట్టి మరిచిపోతుంది. పాల మనిషి పాలు పొంగించుకుందంటే అది మా అమ్మేనా అనిపిస్తుంది. అసలు మాట్లాడటమే మానేసింది."

నా దగ్గరకు రాకముందు వేరే ఊళ్లో చూపించారు. స్కాన్ తీశారు, మెదడు వయసుకు తగ్గట్టు కాస్త కుంచించుకుందని, చిన్న చిన్న పాత రక్తనాళాల మార్పులున్నాయని రిపోర్టు. జ్ఞాపకశక్తి పరీక్షలో 30కి 15 వచ్చాయి. డిమెన్షియా, అంటే మతి క్షీణించే జబ్బు, అని రాసి దానికి డోనెపెజిల్ అనే మందు మొదలుపెట్టారు. మూడు నెలల్లో ఆకలి చచ్చి నాలుగు కిలోలు తగ్గారు. నా దగ్గర కూర్చున్నప్పుడు నాడి నిమిషానికి 48, బాగా తక్కువ.

మొదటి నిర్ణయం: ఇవాళ పేరు పెట్టకూడదు

ఆ 15 మార్కుల కాగితం తీసి చూశాను. చదివి చెప్పినట్టు చేయడం, వాక్యం రాయడం, బొమ్మ చూసి గీయడం, వందలోంచి ఏడేసి తీసేస్తూ పోవడం, వీటన్నిటికీ సున్నా. ఇవి కలిపితే ఎనిమిది మార్కులు. పలక పట్టి రెండేళ్లు కూడా కాని మనిషికి ఈ సున్నాలు మతిమరుపును చెప్పవు, బడిని చెబుతాయి. అలాగని ఆ ఎనిమిదీ కలిపేసి 23 అనుకుని ఊరుకోవడం కూడా తప్పే. మిగిలిన ఏడు మార్కులూ ఎక్కడ పోయాయన్న ప్రశ్న అలాగే ఉంది.

అందుకే ఆమె పాల కొలతల లెక్కలోకి దిగాను. "మామ్మగారూ, కుంచానికి ఎన్ని సోలలు?"

తల ఎత్తకుండానే "పదహారు" అన్నారు.

"తవ్వకి ఎన్ని గిద్దలు?"

"ఎనిమిది."

రెండూ సరైనవే. కూతురి మొహం వెలిగింది, అమ్మకేం కాలేదని. నేను అక్కడే ఆగాను. ఇలాంటి జవాబు డాక్టర్ని కూడా మోసం చేస్తుంది. ముప్పై అయిదేళ్లు నోట్లో నానిన లెక్క మెదడులో చాలా లోతుగా పాతుకుపోయి ఉంటుంది. వయసుతో బుద్ధి అంతా ఒకే వేగంతో తగ్గదు. మాటలు, వృత్తిజ్ఞానం, లోకజ్ఞానం చాలాకాలం నిలబడతాయి. వేగం, కొత్తది పట్టుకోవడం, ఒకేసారి రెండు విషయాలు తలలో ఉంచుకుని తిప్పడం ముందు సన్నగిల్లుతాయి. అమెరికాలోని సియాటిల్‌లో 1956లో మొదలుపెట్టి అవే మనుషుల్ని ఏడేళ్లకోసారి దశాబ్దాల పాటు పరీక్షించిన అధ్యయనంలో స్పష్టంగా కనబడింది ఇదే. ఒక్కో శక్తిదీ ఒక్కో దారి, అందులోనూ మనిషికీ మనిషికీ చాలా తేడా. అంటే పదహారు సోలలన్న జవాబు పాత నిల్వను చూపిస్తుంది. ఈరోజు మెదడు ఎలా పనిచేస్తోందో చూపించదు.

కాబట్టి ఇంకో ప్రశ్న వేశాను. "మూడు తవ్వల ఒక సోల పాలు పోశారు. సోల ముప్పై రూపాయలు. ఐదు వందల నోటిచ్చారు. తిరిగి ఎంత ఇస్తారు?"

చాలాసేపు వేళ్లు కదిలాయి. "ఏడు సోలలు" అన్నారు. తవ్వకి రెండు సోలలు, కాబట్టి సరిగ్గానే ఉంది. తర్వాత "ఎంత నోటు ఇచ్చారన్నావు బాబూ?" అని అడిగారు. మళ్లీ చెప్పాను. ఈసారి ఏడు సోలలు జారిపోయాయి. మూడోసారికి కళ్లు తుడుచుకుని చెయ్యి ఊపేశారు. నలభై ఇళ్ల లెక్క మోసిన మనిషికి ఇది ఓటమే. ఆ కన్నీళ్లు చూశాక నాకు తేలిందేమిటంటే, మార్పు నిజమే, అది మామూలు వయసు మార్పు కన్నా ఎక్కువే. ఎందుకన్నది మాత్రం ఇంకా తెలియదు.

ఇంకో మాట కూడా ఇక్కడే. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల్ని పరిశీలించి 2013లో ప్రచురించిన పని మనవాళ్లందరూ తెలుసుకోదగ్గది. రెండు భాషలు మాట్లాడేవాళ్లకు ఒకే భాష వాళ్లకన్నా సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా లక్షణాలు మొదలయ్యాయి. చదువు రానివాళ్లలో కూడా ఆ తేడా కనబడింది. దాన్ని బట్టి నేను అర్థం చేసుకున్నది, మెదడుకు నిల్వ ఒక్క బడి నుంచే రాదని. మామ్మగారి పాల లెక్క కూడా అలాంటి నిల్వే అని నా నమ్మకం. అయితే నిల్వ ఎక్కువున్నవాళ్లలో లోపల జరిగే నష్టం చాలాకాలం బయటపడదు. ఆమె లెక్క తప్పిందంటే తేలిగ్గా తీసుకోకూడదని కూడా దాని అర్థం.

మందుల సంచి

ఇంట్లో ఉన్న ప్రతి మాత్రా, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నవీ, ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చినవీ, సగం వాడి వదిలేసినవీ, అన్నీ సంచిలో వేసి తెమ్మంటాను. ఈ సంచిలో ఎనిమిది రకాలున్నాయి. బల్ల మీద పరిచి కూతుర్ని కూడా కూర్చోబెట్టి చూశాం.

నిద్రకు ఆల్‌ప్రజోలామ్, భర్త పోయిన పదో రోజున మొదలైంది, మూడేళ్లుగా ఆగలేదు. అరికాళ్ల మంటలకు రాత్రి అమిట్రిప్టిలిన్. జలుబు మాత్ర, అందులో క్లోర్‌ఫెనిరమిన్, దాదాపు వారానికి మూడు నాలుగు రోజులు. షుగర్‌కు పదకొండేళ్లుగా మెట్‌ఫార్మిన్, దానితో గ్లిమెపిరైడ్. గ్యాస్‌కు పాంటోప్రజోల్. బీపీకి టెల్మిసార్టన్‌తో కలిపి హైడ్రోక్లోరోథయాజైడ్. చివరగా డోనెపెజిల్.

జ్ఞాపకానికి కావాల్సిన ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని డోనెపెజిల్ పెంచుతుంది. అమిట్రిప్టిలిన్, క్లోర్‌ఫెనిరమిన్ దాని పనిని అడ్డుకుంటాయి. అంటే ఒక చేత్తో కుండలో నీళ్లు పోస్తూ ఇంకో చేత్తో అడుగున చిల్లు పొడుస్తున్నాం. మూడూ ఒకే సంచిలో ఉన్నాయి. ఎవరూ చెడు చెయ్యాలని రాయలేదు. ఒక్కొక్కటి ఒక్కొక్కరు ఒక్కొక్క బాధకు రాశారు, సంచి మొత్తాన్ని ఎవరూ చూడలేదు.

డోనెపెజిల్ ఆ రోజే ఆపాను. నాడి 48 ఉన్న మనిషికి, అదీ బరువు తగ్గుతుంటే, ఇంకో రోజు ఇవ్వడానికి కారణం కనబడలేదు. ఈసీజీ తీయించాను, భయపడాల్సిందేమీ లేదు. పది రోజుల్లో నాడి 66కి వచ్చింది.

శనివారాలు

కూతుర్ని ఒక నోటుపుస్తకం పెట్టమన్నాను. మతిమరుపు ఏం జరిగిందని కాక ఎప్పుడు జరిగిందని రాయమన్నాను. రెండు వారాల తర్వాత ఆ పుస్తకంలో ఒకటి కొట్టొచ్చినట్టు కనబడింది. గందరగోళం ఎక్కువ ఉన్న రోజులు శనివారాలు, అదీ పదకొండు గంటల ప్రాంతంలో. మామ్మగారు శనివారం ఒంటిపొద్దు ఉంటారు. షుగర్ మాత్రలు మాత్రం యథావిధిగా వేసుకుంటారు. ఎందుకంటే మందు మానొద్దని డాక్టర్లే చెప్పారు కదా.

మూడో శనివారం ఇంట్లోనే గ్లూకోమీటర్‌తో చూడమన్నాను. 58, బాగా తక్కువ. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.1. ఆ రిపోర్టు చూసి ఏ డాక్టరైనా శభాష్ అంటాడు. కానీ ఈ వయసులో, గ్లిమెపిరైడ్ మీద, ఉపవాసాలుండే మనిషికి 6.1 శభాష్ కాదు, ప్రమాదం. షుగర్ పదేపదే పడిపోవడం మెదడుకు మంచిది కాదు. గ్లిమెపిరైడ్ పూర్తిగా ఆపి మెట్‌ఫార్మిన్ తగ్గించాను. ఒంటిపొద్దు మానమని చెప్పలేదు. చెబితే వినరు, పైగా వాళ్లకు మిగిలిన కొద్దిపాటి ఇష్టాల్లో అదొకటి. తర్వాతి హెచ్‌బీఏ1సీ 7.4. శనివారం గందరగోళాలు ఆగిపోయాయి.

రక్తపరీక్షల్లో థైరాయిడ్ బాగుంది. విటమిన్ బి12 మాత్రం 172, బాగా తక్కువ. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడితే బి12 తగ్గుతుంది, పాంటోప్రజోల్ దానికి తోడైంది. బి12 తగ్గితే అరికాళ్లు మండుతాయి, మతి కూడా మందగిస్తుంది. అరికాళ్ల మంటలకని ఇచ్చిన అమిట్రిప్టిలిన్ మతిని ఇంకొంచెం మందగింపజేస్తుంది. ఈ గొలుసు కూతురికి కాగితం మీద గీసి చూపిస్తే కాసేపు మాట్లాడలేదు. బి12 ఇంజెక్షన్లు వారం పాటు రోజూ, తర్వాత నెల పాటు వారానికొకటి, ఆపైన నెలకొకటి. అమిట్రిప్టిలిన్ నాలుగు వారాల్లో దించి ఆపేశాను. జలుబు మాత్రకు బదులు ఉప్పునీటి చుక్కలు.

నేను చేసిన తప్పు

పెద్దవాళ్లలో దిగులును కొలిచే పదిహేను ప్రశ్నల పట్టికలో ఆమెకు 9 వచ్చాయి. అయిదు దాటితేనే ఆలోచించాలి. ఒక ప్రశ్నకు ఆమె ఇచ్చిన జవాబు నాకింకా గుర్తుంది: "పొద్దున్నే నాలుగింటికి మెలకువ వస్తుంది బాబూ. లేచి ఏం చెయ్యాలి?"

దిగులు మతిమరుపులా కనిపిస్తుంది, మతిమరుపుకు దారి కూడా తీస్తుంది. చికిత్స చెయ్యాలనుకున్నాను, అంతవరకూ సరైనదే. దిగులు మాత్ర ఎసిటాలోప్రామ్ 5 మిల్లీగ్రాములు మొదలుపెట్టాను. ఆమె వాడుతున్న బీపీ మాత్రలో హైడ్రోక్లోరోథయాజైడ్ ఉందని నాకు తెలుసు. మొదటి పరీక్షల్లో రక్తంలో సోడియం 134 వచ్చింది, మామూలు కన్నా కాస్త తక్కువ. చూశాను, వదిలేశాను. ఆ రెండు మందులూ పెద్ద వయసు ఆడవాళ్లలో కలిస్తే సోడియం పడిపోతుందని వైద్య విద్యార్థిని అడిగినా చెబుతాడు. వారంలో మళ్లీ సోడియం చూడాలి. నేను నెల తర్వాత రమ్మన్నాను.

పదహారో రోజు కూతురు ఫోన్ చేసింది. అమ్మ మత్తుగా ఉంది, నన్ను వాళ్లక్క పేరుతో పిలుస్తోంది అని. సోడియం 122. ఆస్పత్రిలో చేర్చి రెండు మందులూ ఆపి, నెమ్మదిగా సరిచేశాం. త్వరపడితే మెదడుకు హాని, కాబట్టి నాలుగు రోజులు పట్టింది. చిన్నకొడుకు హైదరాబాద్ నుంచి వచ్చి నేరుగా అడిగాడు, "మీరు తీసేసినవి నాలుగు, ఇచ్చిందొక్కటి, దానికే ఇలా ఎలా అయింది సార్?" నేను జరిగింది జరిగినట్టు చెప్పాను. మర్చిపోయాను అనలేదు, చూసి పట్టించుకోలేదని చెప్పాను. అతను డాక్టర్ని మార్చేస్తాడనుకున్నాను, మార్చలేదు. తర్వాత బీపీకి ఆమ్లోడిపిన్ ఇచ్చాను. దిగులుకు మళ్లీ మాత్ర ఇవ్వలేదు. భయపడ్డానా అంటే కొంత భయపడ్డాను. అయితే అప్పటికి నాకు ఆమె నాలుగింటి ప్రశ్న మరోలా వినిపించడం మొదలైంది. దానికి జవాబు మాత్రలో ఉంటుందని అనిపించలేదు.

ఆల్‌ప్రజోలామ్‌ను చివరికి పెట్టుకున్నాను. గ్లిమెపిరైడ్ ఆ రోజే ప్రాణం తీయగలదు కాబట్టి అది ముందు. ఆల్‌ప్రజోలామ్ మూడేళ్లు వాడాక హఠాత్తుగా ఆపితే ఫిట్స్ రావచ్చు కాబట్టి అది నెమ్మదిగా. రెండు వారాలకోసారి పావు భాగం తగ్గిస్తూ ఎనిమిది వారాలు. ఆరో వారంలో మూడు రాత్రులు అసలు నిద్రపోలేదు, కూతురూ నిద్రపోలేదు. ఆ వారం తగ్గించకుండా అక్కడే ఆపి, మళ్లీ కదిలాం.

చెవులు, కళ్లు

మొదటి రోజు ఆమె "ఎంత నోటు ఇచ్చారన్నావు?" అని అడిగింది మరిచిపోయి కాదేమో అన్న అనుమానం తర్వాత వచ్చింది. ఈ అనుమానం మొదటి రోజే రావాల్సింది. ఎడమ చెవినిండా గులిమి. అది తీయించి వినికిడి పరీక్ష (ఆడియోగ్రామ్) చేయిస్తే రెండు చెవులూ మధ్యస్థంగా తగ్గాయి, 50 డెసిబెల్స్ పైనే. చెవికి చేరని మాట జ్ఞాపకంలోకి ఎలా వెళ్తుంది? సగం వినబడిన మాటను పూరించుకోవడానికే మెదడు శక్తి ఖర్చయితే గుర్తుపెట్టుకోవడానికి మిగిలేది తక్కువ. వినబడనివాళ్లు నలుగురిలో కూర్చోవడం మానేస్తారు. కూతురు "మాట్లాడటమే మానేసింది" అన్నది కూడా అందుకే.

వినికిడి మిషన్ పెట్టించాం. మొదటిది పూర్తిగా దండగ. పదిహేను రోజుల తర్వాత అది బీరువా సొరుగులో ఉంది. "చెవిలో మిక్సీ వేసినట్టుంది" అన్నారు. ఇక్కడ చాలామంది కుటుంబాలు పెద్దవాళ్ల మొండితనం అని తేల్చేస్తాయి. నేను ఎందుకు పెట్టుకోలేదో చూపించమన్నాను. బ్యాటరీ కందిగింజంత ఉంది. ఆమె వేళ్ల కొసలు మొద్దుబారి ఉన్నాయి, కళ్లకు శుక్లాలున్నాయి, ఆ గింజ ఎటు పెట్టాలో కనబడదు. పైగా మొదటిరోజే కుక్కర్ విజిల్, మిక్సీ, ఫ్యాను మధ్య రోజంతా పెట్టుకోమన్నారు.

కాబట్టి వరస మార్చాం. ముందు శుక్లాల ఆపరేషన్, ఒక కన్ను, నెల తర్వాత రెండోది. ఆ తర్వాతే చార్జింగ్ పెట్టే రకం మిషన్. మొదటి వారం రోజుకొక గంట, మూసిన గదిలో, కూతురు ఒక్కతే మాట్లాడాలి. రెండో వారం రేడియో. మూడుసార్లు వెళ్లి శబ్దం సరిచేయించుకున్నారు. అమెరికాలో 70 నుంచి 84 ఏళ్ల వాళ్లు 977 మందితో జరిగి 2023లో వచ్చిన పరిశోధనలో, మిషన్ల వల్ల మొత్తం గుంపులో మూడేళ్లకు తేడా కనబడలేదు. మతి తగ్గే ముప్పు ఎక్కువున్న వర్గంలో మాత్రం తగ్గుదల 48 శాతం నెమ్మదించింది. మామ్మగారు ముప్పు ఎక్కువున్న మనిషే. అందుకే దీని మీద అంత పట్టు పట్టాను.

వంతులు ఆపడం

అన్నిటికన్నా కష్టమైంది ఇది. నాలుగు నెలలకోసారి ఇల్లు మారుతుంటే నేను మార్చిన మందులు ఎవరు చూస్తారు, మిషన్ చార్జింగ్ ఎవరు పెడతారు? కూతురి దగ్గరే ఉంచుదామంటే అందరికన్నా ముందు అడ్డుపడింది మామ్మగారే. "ఇద్దరు కొడుకులుండి కూతురింట్లో పడుండటం ఏమిటి? నలుగురూ నా కొడుకుల మొహాన ఉమ్మెయ్యరా?"

ఆమెతో వాదించలేదు. ప్రిస్క్రిప్షన్ మీద పెద్ద అక్షరాలతో రాశాను: వైద్యం నిమిత్తం ఆరు నెలలు ఊరు మారకూడదు. అది అబద్ధం కూడా కాదు. ఆ కాగితం పెద్దకొడుకు ఊళ్లో పదిమందికి చూపించాడట. కొడుకుల పరువు దక్కింది, ఆమెకూ సాకు దొరికింది. పెద్దకోడలితో మాత్రం విడిగా మాట్లాడాల్సి వచ్చింది. దొంగ అన్న మాట అంత తేలిగ్గా పోదు. దాచిన చోటు గుర్తులేనప్పుడు మనసు ఎవరో తీశారని కథ అల్లుకుంటుందని, అది ఎదురుగా ఎవరుంటే వాళ్ల మీద పడుతుందని చెప్పాను. ఆమె విని, "నన్నెవరూ ఇలా కూర్చోబెట్టి చెప్పలేదండి" అంది. ఆ నెల పింఛను తనే తెచ్చి అత్తగారి చేతిలో పెట్టింది.

ఆటలు, టిఫిన్ సెంటరు

చిన్నకొడుకు మెదడుకు పదును పెట్టే ఆటలున్న టాబ్ కొని పంపాడు. రంగుల బొమ్మలు జత చెయ్యాలి. మామ్మగారు రెండు రోజులు చూసి "నన్ను చంటిపిల్లని చేశారు" అని పక్కన పడేశారు. నేనూ బలవంతం చెయ్యలేదు. అమెరికాలో 2,832 మంది మీద జరిగిన పెద్ద పరిశోధనలో తేలిందేమిటంటే, ఏ నైపుణ్యంలో శిక్షణ ఇస్తే అదే మెరుగైంది, మిగతా వాటికి పెద్దగా పాకలేదు. బొమ్మలు జత చెయ్యడం వస్తే బొమ్మలు జత చెయ్యడం వస్తుంది.

కూతురికి ఇంటి ముందే చిన్న టిఫిన్ సెంటరు ఉంది. ఉదయం ఆరు నుంచి పది దాకా. నాలుగింటికి లేచి ఏం చెయ్యాలన్న మనిషి, నాలుగింటికి లేచి తీరాల్సిన ఇల్లు. ఇది నాకు ముందే తట్టకపోవడం నా మొద్దుతనం. కూతురే అంది, "గల్లా దగ్గర కూర్చోబెట్టనా సార్?"

మొదటి వారం బెడిసికొట్టింది. చిల్లర తప్పు ఇచ్చారు, కూతురు బేరాల ముందే దిద్దింది, మామ్మగారు లేచి లోపలికెళ్లి మూడు రోజులు బయటికి రాలేదు. అప్పుడు మెట్లుగా విడగొట్టాం. రెండు వారాలు ప్లేట్లు లెక్కపెట్టడం మాత్రమే. తర్వాత ఫోన్‌తో కట్టినవాళ్ల డబ్బు వచ్చిందో లేదో ఆ పలికే డబ్బా విని చెప్పడం. దాని గొంతు గట్టిది, మిషన్ పెట్టుకుంటే స్పష్టంగా వినబడుతుంది, మిషన్ పెట్టుకోవడానికి అదే కారణమైంది కూడా. ఆ తర్వాత చిల్లర. కూతురు దిద్దాల్సి వస్తే అందరూ వెళ్లాక. రెండో నెలాఖరుకి అరువు పెట్టేవాళ్ల లెక్క ఆమె చేతికి వచ్చింది. గోడ మీద సుద్దగీతలు మళ్లీ మొదలయ్యాయి. పోనుపోను సాయంత్రాలు గుడిదాకా నడక కూడా, టిఫిన్‌కి వచ్చే ఇద్దరు ముసలమ్మలతో కలిసి.

ఎక్కడ నిలిచింది

మా క్లినిక్‌లో వాడే, చదువు అవసరం లేని 30 మార్కుల ప్రశ్నావళిలో మొదట 20 వచ్చాయి. ఏడో నెలలో 25. పద్నాలుగో నెలలో 24. దిగులు పట్టికలో 9 నుంచి 4కి తగ్గింది, మాత్ర లేకుండానే. నోటు లెక్క ఇప్పుడు సరిగ్గా చెబుతున్నారు, రెండు వందల తొంభై అని, కానీ దాదాపు నిమిషం పడుతుంది. మూడు మాటలు చెప్పి అయిదు నిమిషాల తర్వాత అడిగితే రెండే గుర్తుంటాయి. ఈ ఒక్కటీ ఏడో నెల నుంచి కదల్లేదు. తేలికపాటి మతిమరుపు మిగిలే ఉందని, అది ఇలాగే ఉండొచ్చు, ముదరనూ వచ్చని పిల్లలు ముగ్గురికీ ఒకేసారి ఫోన్‌లో చెప్పాను. "అంతా తగ్గిపోయింది" అని ఊళ్లో చెప్పుకుంటున్నారని తెలిసి మరీ చెప్పాను.

ఏది పనిచేసిందని తోటి డాక్టర్లు అడుగుతారు. నెల తిరక్కుండా నాలుగు మందులు మార్చాను, బి12 ఇచ్చాను, చెవి శుభ్రం చేయించాను. ఏ మార్కు దేనివల్ల పెరిగిందో విడదీసి చెప్పలేను. పరిశోధన అయితే ఒక్కొక్కటిగా మార్చేవాణ్ని. గల్లా దగ్గర కూర్చోవడానికి ముందే 23కి వచ్చారని మాత్రం నా నోట్సులో ఉంది. కాబట్టి పని వల్లనే అంతా జరిగిందని ఎవరైనా అంటే ఒప్పుకోను. పని లేకపోతే మిషన్ సొరుగులోనే ఉండేదని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను.

2024లో లాన్సెట్ అనే వైద్యపత్రిక కమిషన్ డిమెన్షియాకు సంబంధించి మార్చుకోగలిగిన 14 కారణాల జాబితా ఇచ్చింది. తక్కువ చదువు, వినికిడి, చూపు, షుగర్, బీపీ, దిగులు, ఒంటరితనం అందులో ఉన్నాయి. ఆ పద్నాలుగూ లేకపోతే దాదాపు 45 శాతం కేసులు రాకుండా లేదా ఆలస్యంగా వచ్చేలా చూడొచ్చని వాళ్ల అంచనా. ఈ అంకె చూపించి ఒక కొడుకు నన్ను "అయితే మా అమ్మకి 45 శాతం ఛాన్సుందా?" అని అడిగాడు. అది దేశాల జనాభా లెక్క, ఒక మనిషి జాతకం కాదు. పైగా మామ్మగారి సంచిలోని మాత్రలు ఆ జాబితాలో లేవు. జాబితా పట్టుకుని వెళ్లుంటే ఆల్‌ప్రజోలామూ, శనివారాలూ నాకు దొరికేవి కావు.

ఈ కేసు తర్వాత నా దగ్గర రెండు మారాయి. ప్రశ్నలు వేసే ముందే చెవిలోకి లైటు వేసి చూస్తున్నాను. హైడ్రోక్లోరోథయాజైడ్ లాంటి థయాజైడ్ బీపీ మాత్ర వాడేవాళ్లకు దిగులు మాత్ర రాస్తే, వారం రోజులకు సోడియం పరీక్ష చీటీ అదే కాగితానికి పిన్ను కొట్టి ఇస్తున్నాను.

ఆరు నెలల గడువు ఎప్పుడో దాటింది. ప్రతిసారీ ఆ కాగితాన్ని కొత్త తేదీతో మళ్లీ రాయించుకుంటున్నారు. సంక్రాంతికి పదిరోజులు హైదరాబాద్ తీసుకెళ్తానని చిన్నకొడుకు అడుగుతున్నాడు. వద్దనలేదు. వాళ్ల తలుపుకి గుమ్మంలోనే తెలిసేలా పసుపుకుంకుమలు, మామిడాకుల తోరణం ఎప్పుడూ ఉంచమన్నాను. మాత్రల డబ్బా, మిషన్ చార్జరు చేతి సంచిలో పెట్టమన్నాను. వెళ్లేముందు గల్లా లెక్క ఎవరికి అప్పజెప్పాలన్నది మామ్మగారూ కూతురూ ఇంకా తేల్చుకోలేదు.